స్వామి చెప్పని మాట

"పెళ్ళి ఏదండీ?"

శ్రీవల్లి గుమ్మంలోనే ఆపి అడిగింది. ప్లాంటులో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చిన గోపి ఒక బూటు విప్పి, రెండోదాని లేసు పట్టుకుని తలెత్తాడు.

"ఎవల పెళ్ళి?"

"సిరిమల్లి పెళ్ళి. రెండువందల పన్నెండో పేజీలో మొదలవ్వాలి. ఏదీ? ఎక్కడుందో మీరే చూపించండి."

పుస్తకం అతని ఒళ్ళో పడింది. అట్ట మీద సింహాచలం మెట్లు, మెట్ల మీద సంపెంగల బుట్టతో ఒక అమ్మాయి, కింద శ్రీవల్లి పేరు. పొద్దున్న ఏడింటికి పార్సిలు విప్పినప్పుడు ఆ పేరు చూసుకుని శ్రీవల్లి ఏడ్చినంత పని చేసింది. ఎనిమిదింటికి పేజీలు తిప్పింది. అప్పటినుంచీ మొగుడి కోసం గుమ్మంలోనే ఉంది.

కోపం వస్తే శ్రీవల్లి గొంతు పెరగదు, సన్నబడుతుంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ సన్నని గొంతు గోపి నాలుగైదు సార్లే విన్నాడు. అంచేత రెండో బూటు విప్పకుండానే పేజీలు తిప్పాడు.

"పైకి చదవండి," అంది.

"సిరిమల్లి సంపెంగల బుట్ట కింద పెట్టింది. 'శిల్పిగారూ, మీరు మంచివారు. కానీ స్వామి నాతో ఏమీ చెప్పలేదు,' అంది. ఖాళీ బుట్ట తీసుకుని మెట్లు దిగిపోయింది." గోపి ఆగాడు. "బానే ఉంది గదా?"

"అది నేను రాయలేదు!"

పూజగది ముందు కూర్చున్న అత్తగారు చిలకమ్మ ఆ మాటకి ఇటు తిరిగింది. ఆవిడ ముందు పీట మీద అదే పుస్తకం ఇంకో ప్రతి ఉంది. దాని నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. ఆ ఇంట్లో ఎవరి పెళ్ళయినా మొదటి శుభలేఖకి పసుపు రాసి, కొండ మీద సింహాద్రి అప్పన్న పాదాల దగ్గర పెట్టించాకే మిగతావి పంచుతారు. కోడలి పుస్తకం చివర్న పెళ్ళి ఉంది కనక అదీ శుభలేఖే అని చిలకమ్మ లెక్క. చదువు రాకపోయినా ఆవిడ లెక్కలు ఆవిడవి.

"పెళ్ళి నేకపోడమేటే? నాను ఇన్నాను గదా! అరిటి బొందలు కట్టినారు, సన్నాయోళ్ళు వచ్చినారు, నువ్వే సదివి ఇనిపించినావు."

"చదివానత్తయ్యా. రాశాను, చదివాను, ప్రూఫులు దిద్దాను. అచ్చులో మాత్రం లేదు. ఎవరిని అడిగి మార్చాడు ఆ మహానుభావుడు?"

మహానుభావుడంటే దేవీప్రసాద్. డాబాగార్డెన్స్‌లో మేడ మీద రెండు గదుల్లో గిరిప్రదక్షిణ ప్రచురణలు నడుపుతాడు. వేసేవన్నీ భక్తి పుస్తకాలే. వాటిలో కొత్తరకం ఈ భక్తి ప్రేమకథ: గజపతుల కాలం, కొండకి పూలు మోసే దిక్కులేని పిల్ల, కళింగం నుంచి వచ్చిన శిల్పి, మధ్యన వరాహ నరసింహుడు. రాసిన మూడేళ్ళలో ఆయన పెట్టిన షరతులు ఒకటా రెండా? నూట నలభయ్యో పేజీ దాకా హీరో హీరోయిన్ కళ్ళలోకి చూడకూడదు. చెయ్యి తగలకూడదు. తగిలితే అది ప్రసాదం అందుకునేటప్పుడే తగలాలి. "ఆడవాళ్ళు పూజగదిలో పెట్టుకునే పుస్తకం మేడం," అనేవాడు. శ్రీవల్లి పళ్ళు బిగించి అన్నీ ఒప్పుకుంది. చివరి పెళ్ళి ఒక్కటీ తనకి వదిలేస్తే చాలనుకుంది.

"ప్రింటింగోడు తప్పు సేసుంటాడు. ఫోన్ సేసి కడిగీ," అన్నాడు గోపి, తనమీదకి రానందుకు ఊపిరి పీల్చుకుంటూ.

ఆవిడ అప్పటికే నంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది. ఇంట్లో అందరూ వినాలి మరి.

"మేడం, నమస్తే! పార్సిలు అందిందా? అట్ట ఎలా ఉంది?"

"అట్ట బాగుంది. లోపల నా పుస్తకం లేదు."

"ఆఁ?"

"పెళ్ళి తీసేసి నా సిరిమల్లిని ఖాళీ బుట్టతో మెట్లు దింపారు. నాతో ఒక్క మాట అనక్కర్లేదా? నేను మనిషిని కానా?"

అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"మేడం, నేను అక్షరం మార్చలేదండి. ఒట్టు. ఫైనల్ ఫైలు మీ ఇంటి నుంచే వచ్చింది. రోజారమణిగారి మెయిలు. 'వదిన సరిచూసింది, ఇదే వెయ్యండి' అని రాశారు. ముగింపు మారిందే అనుకున్నాను. మరి విరక్తి కదా, భక్తి పుస్తకాల్లో విరక్తికి మంచి గిరాకీ. నాకూ నచ్చింది."

శ్రీవల్లి వంటింటి వైపు చూసింది.

"మీ ముందుమాట మాత్రం ముట్టుకోలేదు మేడం. 'ఈ కథ నేను రాసింది కాదు, సింహాద్రినాథుడు కలలో చెప్పగా రాసుకున్నాను.' మన పుస్తకానికి ప్రాణం అదే. ఆవిష్కరణ సభలో దాని గురించే మాట్లాడండి. కొండ మీద చందనోత్సవానికి వారం రోజులే ఉంది, సాయంత్రంలోగా మీరు ఊఁ అంటే కొట్లకి పంపేస్తాను."

ఫోను ఆగింది. వంటింట్లో కత్తిపీట చప్పుడు కూడా ఆగింది.

రోజారమణి గోపి చెల్లెలు. మొగుడు జబ్బు చేసి పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ ఈ క్వార్టరులోనే ఉంటోంది. పొద్దుట ఓ స్కూలు ఆఫీసులో పని (ఆ వేళ సెలవు), మధ్యాహ్నాలు ఇంట్లో కంప్యూటరు ముందు టైపు పని. శ్రీవల్లి కోడిగీతల రాతని అచ్చుకి ఇచ్చే రూపంలోకి తెచ్చింది ఆవిడే. మూడేళ్ళలో ఒక్క కామా తప్పు పోలేదు.

"రమణీ," అంది శ్రీవల్లి.

రోజారమణి బెండకాయల జిగురు చీరకొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తల దించుకోలేదు.

"నానే మార్సేను వదినా."

"నువ్వా?" అన్నాడు గోపి.

"ఓలమ్మ!" అంది చిలకమ్మ.

శ్రీవల్లి కుర్చీలో కూలబడింది. దేవీప్రసాద్ మీద మోసుకొచ్చిన కోపమంతా ఎక్కడ దించాలో ఒక క్షణం తెలియలేదు. తరవాత తెలిసింది.

"నీకు చేతులెలా వచ్చాయే? మూడేళ్ళు. వీళ్ళ బాక్సులు కట్టి, అత్తయ్య మందులిచ్చి, ఆ మిగిలిన గంటలో రాసుకున్నాను. నాకంటూ ఈ ఇంట్లో ఉన్నదల్లా ఆ కథ. ఆ ఒక్కటీ నీ చేతిలో పెట్టాను. తల్లిని నమ్మినట్టు నమ్మాను. నమ్మినందుకు నా పుస్తకానికి తల నరికి నా చేతికిచ్చావు."

"అవును."

"అవునా? అంతేనా?"

"తప్పే సేసేను. కాదన్ను. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. మరి నువ్వు సేసిందేటి వదినా?"

"నేనేం చేశాను?"

"నాకు పెళ్ళి సేసీసేవు. పుస్తకంలో."

గోపి రెండో బూటు విప్పడం మొదలుపెట్టాడు. చాలా నెమ్మదిగా విప్పుతున్నాడు.

"సిరిమల్లి నువ్వేమిటి?" అంది శ్రీవల్లి. "అది గజపతుల నాటి కథ."

"గజపతుల నాటి పిల్లకి ఎడం చెవి మీద కాలిన మచ్చ ఉంటాదా? ఆరేళ్ళ కిందట మొగుడు పోతాడా? శనివారం శనివారం మెట్లెక్కి కొండకెళ్తాదా? టైపు సేసింది నానే వదినా. ప్రతి ముక్కా నా సేతుల మీంచే ఎళ్ళింది. ఆ శిల్పి పొడుగాటోడు, కుడికాలు కొంచెం ఈడుస్తాడు. ఎలమంచిలిలో ఆ నాగవంశీ గారు ఎలగ నడుస్తారు?"

ఎలమంచిలి సంబంధం కిందటేడు చిలకమ్మ తెచ్చిందే. విత్తనాల కొట్టు ఉన్న మనిషి, భార్య పోయింది, నెమ్మదస్తుడు. ఈ లక్ష్మివారం వాళ్ళవాళ్ళు మాటలు ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. కథకి ముఖం కావలసి వచ్చి శ్రీవల్లి అతని నడక తీసుకుంది. ఆడపడుచు చెవి మీది మచ్చ తీసుకుంది. తీసుకున్నప్పుడు ఎవరినీ అడగాలనిపించలేదు.

"మంచి జరగాలనే రాశాను," అంది చివరికి. "నువ్వలా ఒంటరిగా ఉండిపోతే చూడలేక రాశాను. దానికింత కక్షా?"

"కక్ష కాదు. నాను మూడుసార్లు ఒద్దన్నాను. ఆరి గురించి నాకేటీ తెలీదు, నన్ను ఆలోసించుకోనీయండని సెప్పేను. అమ్మ ఇందా? 'అప్పన్న కల్లోకొచ్చి సెప్పేడు' అంది. నీతో అయితే దెబ్బలాడతాను. అమ్మతో అయితే దెబ్బలాడతాను. సామితో ఏటి దెబ్బలాడతాను వదినా?"



"సామిని ఎందుకు లాగుతావే మద్దిన?" చిలకమ్మకి కోపం వచ్చింది. "నాకు కలొచ్చినమాట అబద్దమా? పసుప్పచ్చ పంచె కట్టుకున్నాడు. గంధం వాసన ఇల్లంతా. సేతిలో సంపెంగ. 'నీ బిడ్డని ఆ పొడుగాటోడి సేతిలో పెట్టు, నాది పూచీ' అన్నాడు. సచ్చినా అబద్దం సెప్పను నాను."

"నువ్వు అబద్దం సెప్పేవన్లేదమ్మా." రోజారమణి పీట మీది పుస్తకం తీసింది. పసుపు అంటకుండా వేళ్ళతో పేజీలు తిప్పి, శ్రీవల్లి ముందు పెట్టింది. "పంతొమ్మిదో అధ్యాయం. సదువు వదినా. అమ్మకి ఇనిపించు."

"ఇప్పుడెందుకు?"

"సదువు."

శ్రీవల్లి చదవలేదు. చదవాల్సిన పనిలేదు, కంఠతా వచ్చు. పసుపుపచ్చని పంచె. గంధం వాసన. చేతిలో సంపెంగ. పూజారి భార్యకి కలలో స్వామి కనిపించి, 'ఈ పిల్లని శిల్పి చేతిలో పెట్టు, పూచీ నాది' అంటాడు. పుస్తకం మొత్తంలో దేవీప్రసాద్ ఒక్క మాటా దిద్దని అధ్యాయం అదే.

మాఘమాసంలో ఓ మధ్యాహ్నం అది చిలకమ్మకి చదివి వినిపించింది. ఆవిడ మునగాకు దూస్తూ వింది, కళ్ళు తుడుచుకుంది, రెండుసార్లు మళ్ళీ చదివించుకుంది. వారం తిరక్కుండా తెల్లారగట్ల లేచి, అప్పన్న కలలోకి వచ్చాడని ఇల్లంతా చెప్పింది.

"నీకు ఆ రోజే తెలుసు," అంది రోజారమణి. "అమ్మ పసుప్పచ్చ పంచె అన్నప్పుడే తెలుసు. నువ్వు కాఫీ కలపతా నీలో నువ్వు నవ్వుకున్నావు. నాను సూసేను."

నవ్వుకుంది. నిజమే. ఎగతాళికి నవ్వలేదు. తను రాసింది ఒక మనిషి నిద్రలోకి కూడా వెళ్ళిందన్న గర్వంతో నవ్వింది. ఏ రాసే మనిషికైనా అంతకంటే కావలసిందేముంది? ఆ గర్వం పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుంది. నోరు మూసుకున్న మూడు నెలల్లో అవతల సంబంధం మాటల దాకా వచ్చేసింది.

"అయినా సరే," అంది శ్రీవల్లి. ఓడిపోతున్నప్పుడు మనిషికి వచ్చే కోపం అసలు కోపం కంటే ఎక్కువ. "నాతో చెప్పొచ్చు. గొడవ పెట్టొచ్చు. నా పుస్తకం పాడుచెయ్యడమేమిటి?"

"అమ్మ ఆ పుస్తకం అట్టుకెళ్ళి అప్పన్న పాదాల కాడ పెడతానంది. అందులో పెళ్ళి ఉంటే ఆయనేటనుకుంటాడు? ఈ గుంటకి ఇష్టమే అనుకుంటాడు. నా మాట కూడా ఆయన దగ్గరికి ఎళ్ళాలి గదా. నాకు ఇంకో దారి కనిపించలేదు." రోజారమణి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు సామి మీద పుస్తకం రాసేవు వదినా. నాను సామిని నమ్ముతాను. ఆయన నోట్లో నీ మాట ఎట్టీసేవు. అక్కడితో ఆగేవా? ముందుమాటలో అది నిజమని రాసేవు."

"దేవీప్రసాద్ రాయమన్నాడు."

"సెయ్యి ఎవల్ది?"

కిటికీ అవతల ప్లాంటు బస్సు ఒకటి ఆగి, కదిలి వెళ్ళిపోయింది.

చిలకమ్మ పీట మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆనుకుని వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది.

"శ్రీవల్లీ. ఇటు సూడు. ఆ కల నీకు సామి ఇచ్చినాడా? నువ్వు రాసినావా?"

అబద్ధం చెప్పడానికి శ్రీవల్లికి కావలసినంత దారి ఉంది. స్వామే రాయించాడనొచ్చు, అది పూర్తి అబద్ధం కూడా కాదు. అలా అంటే ముసలావిడ సంతోషిస్తుంది, పుస్తకం పూజగదుల్లోకి వెళుతుంది, ఆవిష్కరణ సభలో శాలువా కప్పుతారు. రోజారమణి మాత్రం లక్ష్మివారం నాడు పట్టుచీర కట్టుకోవాలి.

"నేనే రాశానత్తయ్యా. ఇదిగో ఈ బల్ల దగ్గర. పంచె తెల్లదని రాసి కొట్టేసి పసుపుపచ్చదని మార్చాను."

చిలకమ్మ కాసేపు ఆ బల్లవంక చూసింది. తరవాత పుస్తకం చేతిలోకి తీసుకుని, పైటచెంగుతో ఒక మూల పసుపు తుడిచింది. రెండో మూల తుడిచింది. మూడోదీ నాలుగోదీ తుడిచింది. పసుపు పోలేదు, అట్ట మీద మరకలు పడ్డాయి.

"నాను ఎలమంచిలోళ్ళకి సామి సెప్పేడని సెప్పేను. నా నోటితో సెప్పేను. డెబ్బయ్యేళ్ళు వచ్చినాయి, సామి పేరు సెప్పి ఒక్క మాట తప్పనేదు." ఆవిడ పుస్తకం బల్ల మీద పెట్టేసింది. "నన్ను అబద్దాలకోరుని సేసినావు గదే."

శ్రీవల్లిని ఇంతవరకూ ఏ మాటా అంత కోయలేదు. "అత్తయ్యా," అని చెయ్యి పట్టుకోబోయింది. చిలకమ్మ పట్టుకోనివ్వలేదు.

అప్పుడే చిలకమ్మ ఫోను మోగింది. గోపి తీసి చూసి, మొహం మాడ్చుకున్నాడు.

"నాగవంశీ గారు. లక్ష్మివారం సంగతి అడగడానికేమో."

చిలకమ్మ ఫోను అందుకుంది. రోజారమణి చెయ్యి చాచింది. కూతురికి ఇవ్వలేదు. తీసుకెళ్ళి శ్రీవల్లి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు రాసిన పెళ్ళే గదా. నువ్వే సెప్పు."

శ్రీవల్లి నొక్కింది. ఇందాకటిలాగే స్పీకరు కూడా పెట్టింది.

"అత్తా, నాను నాగవంశీనండి."

"నేను శ్రీవల్లినండి. గోపిగారి భార్యని."

"మీరా అమ్మా! మంచిదైనాది, మీతోనే మాటాడాలనుకుంటన్నాను. మీ పుస్తకంలో పంతొమ్మిదో భాగం గోపి గారు వాట్సాప్‌లో పంపినారు గదండి, ముందుమాట కూడాను."

శ్రీవల్లి మొగుడి వంక చూసింది. "అమ్మ పంపమంది, పంపేను," అని గోపి పెదవులతోనే అన్నాడు.

"నిజం సెప్పాలంటే నాకు మళ్ళీ పెళ్ళి ఇష్టం నేదండి. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు, అలగే ఉండిపోదామనుకున్నాను. మీరు రాసింది సదివేక మనసు మారినాది. సామే సెప్తే కాదనడానికి నానెవణ్ణి అని ఊఁ అన్నాను." అతను ఆగాడు. "నిన్నట్నించీ ఒకటే అనుమానం పీకతన్నాది. తప్పుగా అనుకోకండి. ఆ ముందుమాటలో రాసింది నిజమేనాండి?"

మూడు మొహాలు శ్రీవల్లి వైపే ఉన్నాయి.

"కాదండీ," అంది. "కథ నాదే. కల కూడా నాదే. స్వామి ఏమీ చెప్పలేదు. క్షమించండి."

ఫోనులో వెనక ఎక్కడో రైలు కూత వినిపించింది.

"అలగా," అన్నాడు చివరికి. కోపం వచ్చిందో లేదో గొంతులో తెలియలేదు. "మరైతే ఆవిడికి ఇష్టమేనా, కాదా? రోజారమణి గారికి. మూడు నెల్లై సామి మాట సెప్పినారు, జాతకాలు సూసిన సాస్త్రుల మాట సెప్పినారు, ఆవిడ మాట ఒక్కలూ సెప్పనేదండి నాకు."

శ్రీవల్లి నోరు తెరిచింది. రెండువందల పైచిలుకు పేజీలు రాసిన మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

రోజారమణి వచ్చి ఆమె ఒళ్ళోంచి ఫోను తీసుకుంది. స్పీకరు ఆపింది. చెవి దగ్గర పెట్టుకుని, "నాను రోజారమణినండి," అంటూ పెరటి వసారాలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.

చిలకమ్మ తలుపువైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. గోపి బూట్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రెండు నిమిషాలయింది. ఐదు నిమిషాలయింది. బల్ల మీద శ్రీవల్లి ఫోను వెలిగింది. దేవీప్రసాద్ పేరు. ఆమె తియ్యలేదు.

తలుపు అవతల మాటలు నడుస్తున్నాయి. రోజారమణి ఏదో అంది, ఆగింది, మళ్ళీ ఏదో అంది. ఒకసారి ఏడుస్తున్నట్టు వినిపించింది. కాదు, నవ్వినట్టు ఉంది.

"ఏటంటన్నాదే?" చిలకమ్మ గుసగుసగా అడిగింది.

సిరిమల్లి ఏ మెట్టు మీద ఏమనుకుందో ప్రతి ముక్కా తెలిసిన శ్రీవల్లి, ఆ తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

"తెలీదత్తయ్యా," అంది.